పెరటికోళ్లలోఁ బొగరెక్కిన పడుచుపుంజు: దానిని దారికిఁ దెచ్చు విధము

పెరటిలో నాలుగు కోళ్లు పెంచుకొను గృహస్థులకుఁ దెగుళ్లవలనను, గద్దలవలనను, ముంగిసలవలనను గలుగు నష్టమును గుఱించి చెప్పువారు చాలమంది గలరు. అంతగా నెవ్వరును జెప్పని కష్టము వేఱొకటి యున్నది. నిన్నటిదాఁక చేతిలోని నూకలు తినుచుండిన పుంజుపిల్ల యైదాఱు మాసముల ప్రాయము వచ్చుసరికి, ఒకనాఁటి యుదయమున, వాకిలి యూడ్చుచున్న యిల్లాలి వెనుకనుండి వచ్చి పిక్కమీఁదఁ దన్నును. మొదటి దినమున నింటిల్లిపాదియు నవ్వుదురు. పది దినములు గడచునప్పటికి ముసలివారు చేతికఱ్ఱ లేక పెరటిలోనికిఁ బోవుట మానుదురు; పిల్లలు ఏడ్చుచు లోపలికిఁ బరుగెత్తుదురు. అప్పుడు కొట్టుటయో కోయుటయో తప్ప వేఱుదారి లేదని తోఁచును. కొట్టుటవలన నీ జాడ్యము ముదురును. కోయుట యొక్కొక్కప్పుడు తగినదే యైనను, దానికి ముందు చేసి చూడవలసిన పనులు కొన్ని గలవు. వానిని దెలుపుటకే యీ కరపత్రము వ్రాయఁబడినది.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయరాదు. మన నాటుపెట్ట యేఁటికి సుమారు 50 మొదలు 80 వఱకు గ్రుడ్లు పెట్టును. పది పెట్టలున్న యింటిలో నా గ్రుడ్లమీఁద వచ్చు పైకము సాధారణముగా నింటి యాఁడువారి కొంగుముడిలో నుండును. ఉప్పు, నూనె, బడికిఁ బోవు పిల్లల పుస్తకములు మొదలగు ఖర్చులు మగవారి నడుగ నవసరము లేక దానితోనే జరుగును. పుంజునకు వెఱచి యిల్లాలు గూఁటికడకుఁ బోవుట మానినచో, గ్రుడ్లు కుక్కల పాలును గాకుల పాలును నగును. పొదుగుమీఁదనున్న పెట్టకు నీళ్లు పెట్టువారుండరు. తుదకు విసిగి కోళ్లన్నిటిని గంపల కెత్తి సంతకుఁ బంపుదురు. అంతకంటెఁ బెద్ద భయము పసిపిల్లల కన్నులను గుఱించినది. పుంజు ఎగిరి తన్ను నెత్తునకుఁ బెద్దవారికి మోఁకాలు వచ్చును. మూఁడేండ్ల బిడ్డకు ముఖము వచ్చును.

పుంజు ఏల తిరుగఁబడును?

లోకములోని పెంపుడు కోళ్లకు మూలమైనది ఆగ్నేయాసియా యడవులలోని యెఱ్ఱ అడవికోడి. అడవిలోని పుంజు కొన్ని పెట్టలను వెంటఁ ద్రిప్పుకొనుచుఁ గొంత చోటిని తనదిగా నేలుకొనును. అన్యపుంజు ఆ చోటికి వచ్చినచో మెడయీఁకలు నిగుడించి పోరాడును. ఆకాశమున గద్ద కనఁబడినప్పు డొక విధముగాను, నేలమీఁదఁ బిల్లియో నక్కయో వచ్చునప్పుడు వేఱొక విధముగాను అఱచును. మొదటి యఱపునకుఁ బెట్టలు పొదలలో నణఁగును. రెండవ యఱపునకుఁ దలలెత్తి చూచును. ఈ రెండఱపులను మన పెరటిలోనే చెవియొగ్గి వినవచ్చును. కావునఁ బుంజునకు రోషము కులధర్మము వంటిది. అది లేని పుంజు పెట్టలను గాచుకొనలేదు. చిక్కంతయు, ఇంటిమనుష్యులను గూడ నది పగపుంజులుగా నెంచుటలో నున్నది.

ఈ రోషమునకు మూలము వృషణములయందుఁ బుట్టెడి యొక రసము. 1849వ సంవత్సరమున జర్మనీ దేశములోని గోటింగెన్ నగరమున బెర్తోల్డ్ అను పండితుఁడు పుంజుపిల్లలమీఁదనే దీనిని బరీక్షించి చూపెను. వృషణములు తీసివేసిన పిల్లలకుఁ దురాయి పెరుగలేదు, కూఁత రాలేదు, పోరాడు బుద్ధి పుట్టలేదు. తీసిన వృషణమును మరలఁ గడుపులోఁ జేర్చిన పిల్లలు మాత్ర మితర పుంజులవలెనే కూసి పోరాడినవి. ఈ సంగతి వినినవారు కోడెదూడకు విత్తులు కొట్టించినట్లు పుంజునకును జేయింపవచ్చును గదా యని యడుగుదురు. పుంజు వృషణములు కడుపులోపల వెన్నెముక నానుకొని యుండును. ఇంటివద్దఁ గత్తి పట్టినచోఁ బక్షి బాధపడి చచ్చుటయే ఫలము.

ఆ రసము దేహమున నూరుట మొదలిడు కాలమే పడుచుదనము. కొన్నింటికి ఆఱెనిమిది వారములకే తురాయి యెఱ్ఱబడును. మూఁడవ నెలలో బొంగురు కూఁత వినఁబడును. అయిదవ నెల మొదలు పెట్టలను ద్రొక్కఁ బూనును. మనుష్యులమీఁదికి వచ్చు బుద్ధి సాధారణముగా నయిదవ నెలకును ఏఁడాదికిని నడుమఁ బుట్టును. పగళ్లు పెరుగు కాలమున, అనఁగా సంక్రాంతి దాఁటినది మొదలు వేసవివఱకు, అది హెచ్చగును. రెండవ యేఁటఁ గొన్ని పుంజులు తమంతటఁ దామే నెమ్మదించును, కొన్ని నెమ్మదింపవు.

నార్వే దేశస్థుఁడగు షెల్డెరప్-ఎబ్బె యను పండితుఁడు బాల్యమునుండియు నింటికోళ్లను గనిపెట్టి చూచి, 1921లో నొక విషయమును బ్రకటించెను. కోళ్లగుంపులో నేది యేదానిని బొడువవచ్చునో, యేది యేదానికిఁ దొలఁగవలయునో, ఒక వరుస యేర్పడి యుండును. ఆ వరుస స్థిరపడినంతకాలము గుంపులో శాంతి యుండును. దీనికి ఆంగ్లమున నున్న పేరును మాటకు మాటగాఁ దెనిఁగించినచో ‘పొడుపువరుస’ యగును. పల్లెటూళ్ల యాఁడువారు దీనినే ‘పెద్దఱికము’ అందురు. ఇరువది యేండ్లుగాఁ గచేరి కాగితములు తెనిఁగించుచున్న నాకు వారి మాటయే మేలని తోఁచుచున్నది. పడుచుపుంజు ఈ పెద్దఱికపు మెట్లను ఒకటొకటిగా నెక్కఁ జూచును. మొదటఁ గన్నెపెట్టలను, తరువాత ముదిపెట్టలను, ఆమీఁదట ముసలిపుంజును లొంగఁదీయును. చివరకుఁ జీపురు పట్టుకొన్న యిల్లాలిని ఎదిరించును. ఆ చివరి మెట్టు దానికి దక్కకుండఁ జేయుటే మన పని.

గుఱుతులు

పుంజు ఒక్కసారిగా మీఁదికి రాదు. ముందు దినములలోనే తన తలంపును దెలుపును. ఒక ఱెక్కను నేలకు వాల్చి ప్రక్కనడకతోఁ జుట్టు తిరుగుట పెట్ట యెదుటనైనచో శృంగారచేష్ట. అదే చేష్టను మనుష్యుని కాళ్లచుట్టును జేసినచో నది పందెమునకుఁ బిలుపు. తల వంచి మెడయీఁకలు గొడుగువలె విప్పి యెదుట నిలుచుట, గింజ లేని చోటను నేలను ఉత్తుత్తిగాఁ బొడుచుట, మనము నడచినకొలఁది ప్రక్కను నడచివచ్చుట, ఇవి యన్నియు దానికి ముందు మెట్లు. ముఖాముఖి కంటె మనము వీఁపు త్రిప్పినప్పుడు వచ్చు దెబ్బలే హెచ్చు.

వీనిని జూచి ప్రతి పుంజునకును భయపడ నక్కఱలేదు. గింజ కనఁబడఁగానే తాను దినక ‘కొక్కొక్కొ’ యని పెట్టలను బిలుచుట, గోడయెక్కి ఱెక్కలు కొట్టి కూయుట, తల్లిపెట్ట పిల్లలతోఁ దిరుగునప్పుడు అడ్డముగా నిలుచుట, ఇవి మంచిపుంజు లక్షణములు. మఱికొన్ని పుంజులు క్రొత్త వస్తువును జూచి బెదరి తన్నును. గొడుగు, గాలికెగురు చీరకొంగు, మెఱయు బిందె, ఇట్టివి కారణములు కావచ్చును. ఆ వస్తువు చేతలేనప్పుడు పుంజు ఊరకున్నచోఁ బొగరు కాదని యెఱుఁగవలయును. ఆ వస్తువును రెండు దినములు పెరటిలోనే యొకమూల నుంచినచో బెదరు తీఱును. బాధవలనఁ గూడఁ గొన్ని కోళ్లు చిఱచిఱలాడును గనుక, ఱెక్కల క్రిందను దోఁకమొదటను బేలు పట్టినవేమో, పాదమునఁ బుండున్నదేమో చూడవలయును.

చేయరాని పనులు

కఱ్ఱతోఁ గొట్టినను, కాలితోఁ దన్నినను, రాళ్లు రువ్వినను, పుంజునకు శిక్ష యను తలఁపే పుట్టదు. ఎదిరిపుంజు తిరిగి తన్నినదనియే యది యెంచును. బలమైన దెబ్బ తగిలినచో నాఁటికిఁ దొలఁగి, మఱునాఁడు మఱింత కసితో వచ్చును. ఆ కసినిఁ గొట్టినవానిమీఁదఁ దీర్చుకొనలేనప్పుడు బలహీనులపైఁ దీర్చుకొనును. మగవాఁడు ఉదయమునఁ గఱ్ఱతోఁ గొట్టి పొలమునకుఁ బోఁగా, ఆ పగలంతయు దెబ్బలు తినువారు ఇంటనున్న ముసలమ్మయుఁ బిల్లలును. ఇది విచారింపఁదగిన సంగతి.

వెన్ను చూపి పరుగెత్తుట రెండవ తప్పు. పరుగెత్తినది యోడినట్లే గనుక పుంజునకు గెలుపు రుచి తెలియును. అయినను బసిబిడ్డలను బరుగెత్తవద్దనుట వలన లాభము లేదు. వారిని బెద్దవారు వెంటనుండి కాపాడవలయును.

అన్నిటికంటె హెచ్చుగా నీ చెడుగునకుఁ గారకులు ఇంటి కుఱ్ఱలే యని చెప్పకతప్పదు. పుంజుపిల్ల రెండు మూఁడు నెలల దైనప్పుడు తువాలు విసరియుఁ, గాలు చాఁచియుఁ దానిని గవ్వించి, అది యెగిరి తన్నునప్పుడు చప్పట్లు చఱతురు. ఆనాఁడు నేర్పిన విద్యయే యయిదవ నెలలో మీఁదికి వచ్చును. తల్లి లేక యొంటరిగా నింటిలోపల మనుష్యులచేతులలోఁ బెరిగిన పుంజుపిల్ల కూడ నిట్లే యగును. ముద్దుగాఁ బెరిగిన దానికి మనుష్యులనిన భయము లేదు. వారును దన జాతివారే యని నమ్మి, పెద్దఱికమునకై వారితోనే పోటీపడును. తల్లిపెట్ట క్రిందను ముసలిపుంజు కన్నులయెదుటను బెరిగిన పుంజుపిల్లకు మర్యాద యొకరు నేర్ప నక్కఱలేదు. పెట్టలే ముక్కుతో నేర్పును.

చేయవలసిన పనులు

పెరటిలోనికిఁ బోవునప్పుడు చేతఁ జేట యొకటి పట్టుకొని పోవుట మంచిది. పుంజు మీఁదికి వచ్చునని తోఁచినప్పుడు వీఁపు త్రిప్పక, వెనుకకుఁ జరగక, చేటను మోఁకాళ్లకు ముందు నిలువుగా నడ్డము పట్టి కదలక నిలువవలయును. అది యెగిరి తన్నినను దెబ్బ చేటకుఁ దగులును. దానితోఁ బుంజును గొట్టరాదు. తన్ని తన్ని యలసి నిలిచినప్పుడు, నెమ్మదిగా దానివైపు రెండడుగులు వేయవలయును. పుంజు తల త్రిప్పుకొని ప్రక్కకుఁ దొలఁగును, లేదా దూరముగాఁ బోయి గింజలేఱుకొనును. అంతటితో మన గెలుపు ముగిసినది. మన పని మనము చూచుకొనవలయును. మూలకుఁ దఱిమి తప్పించుకొన దారిలేకుండఁ జేసినచో లొంగఁదలఁచినది కూడఁ దెగించి పోరాడును.

రెండవ యుపాయ మెత్తుకొనుట. కోడికిఁ జీఁకటిలోఁ గన్ను సరిగా నానదు గనుక, పొద్దు గ్రుంకి గూఁడెక్కిన పిదపఁ బట్టుట సులభము. ఱెక్కలు రెండును దేహమున కదిమి, కాళ్లను వ్రేళ్లనడుమఁ బట్టి, చంక క్రింద నిఱికించుకొని పది పదునైదు నిమిషములు అటునిటు నడువవలయును. మొదట గింజుకొనును, అప్పుడు విడువరాదు. గింజుకొనుట మాని మెడ సడలించి యూరకున్నప్పుడు నెమ్మదిగా నేలకు దింపవలయును. నాలుగైదు దినములు రాత్రి చేసి, తరువాతఁ బగటిపూఁట, ఇతర కోళ్లు చూచుచుండఁగాఁ జేయుట మేలు. కాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడఁదీయు వాడుక సంతలలోఁ జూచుచున్నాము. అది మానవలయును. కోడికి మనవలె ఱొమ్మునకును గడుపునకును నడుమఁ బొర లేదు; తలక్రిందైనప్పుడు కడుపులోని బరువు ఊపిరిమీఁదఁ బడును. అప్పుడది కదలకుండుట లొంగుబాటు కాదు, ఊపిరాడకుండుట.

గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి గలదు. కోడి మనుష్యులను ముఖములఁబట్టి వేఱువేఱుగా గుర్తించును. యజమానునికి లొంగినంతమాత్రమున యిల్లాలికి లొంగినట్లు కాదు. ఇంటిలోఁ బెరటికిఁ బోవు ప్రతి పెద్దమనిషియు ఈ రెండు పనులను జేయవలయును. ఒకరు చేటతో నిలిచి, మఱొకరు కఱ్ఱతోఁ గొట్టి, వేఱొకరు పరుగెత్తు నింటిలోఁ బుంజు ఎన్నటికిని దారికి రాదు. ముసలమ్మ యెత్తుకొనలేనిచో, ఇంకొకరు పుంజును జంకనుంచుకొని యామె ప్రక్క నిలువఁగా, ఆమె దాని మెడను నిమురుటయైనను జేయవలయును.

మేఁత వేయునప్పుడు పుంజునకు నేరుగాఁ జేతితోఁ బెట్టరాదు. జొన్నలను దూరముగాఁ జల్లి, అది కాళ్లచుట్టును ముసరినచోఁ జేటతోఁ దొలఁగించి, పెట్టలు తిన మొదలిడిన తరువాత రానీయవలయును.

గంప క్రింద మూయుట మన పల్లెలలోని పాత పద్ధతి. ఇది మంచిదే కాని యెండలో మూసి మఱచుట ప్రాణాంతకము. కోడికిఁ జెమట పట్టదు. నోరు తెఱచి యొగర్చుటవలననే వేఁడి పోఁగొట్టుకొనవలయును. గాలి చొరని గంప క్రింద వేసవి మధ్యాహ్నము కొంతసేపునకే చచ్చును. ఒక పూఁటకు మించిన నిర్బంధము కావలసినచో, నీడపట్టున వెదురు తడికలతో మనిషి పడకయంత చోటు కట్టి, నీళ్లును మేఁతయు నుంచి, బయటి కోళ్లను జూచుచుండునట్లు చేయవలయును. వారము దినములు అట్లుంచి విడిచినచో, గుంపులోఁ దన పెద్దఱికము కొంత జాఱినట్లు కనుఁగొని కొన్ని పుంజులు నెమ్మదించును. కన్నులకుఁ గోళ్లేవియుఁ గానరాకుండ మూల గదిలో బంధించినచో నింకను గ్రూరమగును.

ముల్లు, గాయములు, పిల్లలు

ఆఱు నెలల పుంజు కాలిముల్లు బుడిపెవలె నుండును. అప్పటి గాయములు గోళ్లవలనను ముక్కువలనను గలుగునవి. ఏఁడాది దాఁటిన పిదపఁ గాని ముల్లు పొడవై వాఁడి తేఱదు. దిద్దుటకుఁ దగిన కాలము ఆ నడుమనున్న ఆఱు మాసములే యని రైతులు గుర్తుంచుకొనవలయును. ముల్లు పెరిగినచో మొనను మాత్రము ఆకురాతితోఁ రాచి గుండ్రముగాఁ జేయవచ్చును. పైనున్నది గోరువంటి డొప్ప. లోపల నెత్తురుగల యెముక యుండును. మొదటికిఁ గోసినచో నెత్తురు కాఱి పుండు పడును. పొరపాటున నెత్తురు వచ్చినచో శుభ్రమైన బట్టతో నదిమి పట్టి, నెత్తురు నిలిచి యారువఱకు నితర కోళ్లకు దూరముగా నుంచవలయును. ఎఱ్ఱని నెత్తురు చూచిన కోళ్లు ఆ చోటనే పొడుచును.

మనుష్యునకు ముల్లు దిగినచో గాయము పైకిఁ జిన్నదిగాఁ గనఁబడి లోఁతుగా నుండును. పెరటిమట్టియుఁ బెంటయు లోపలికిఁ బోవును. ధారగాఁ బడు నీళ్లతోను సబ్బుతోను బాగుగాఁ గడిగి, ధనుర్వాతపు సూది వేయించుకొనుటకు వైద్యునికడకుఁ బోవలయును. పేఁడగాని, సున్నముగాని పూయరాదు. కన్నునకుఁ గాని కన్నుదగ్గఱఁ గాని దెబ్బ తగిలినచో, ఆకు పసరులును బాలును బోయక, కంటిని నలుపనీయక, ఆ దినముననే కంటివైద్యునకుఁ జూపవలయును. ‘రేపు చూతము’ అనుటకు వీలులేని గాయ మిది.

పుంజు పొగరు తీఱినదని పెద్దవారికి నమ్మకము కుదురువఱకు అయిదాఱేండ్లలోపు పిల్లలను వంటరిగాఁ బెరటిలోనికి విడువరాదు. తడికయడ్డు ఒకటి కట్టుట యీ విషయమున నెల్ల బోధలకంటెను మేలు.

పెట్టల లెక్క

ఒక పుంజునకు ఎనిమిది మొదలు పది పెట్టలు తగిన లెక్క. నాలుగు పెట్టలకు రెండు పుంజులున్న యింటిలోఁ బోరును గాయములును దప్పవు. పెట్టల వీఁపులమీఁద నీఁకలు రాలి తోలు చీలును. అట్టి పెట్టను వేఱుగా నుంచి, గాయమును గడిగి, ఈఁకలు మొలుచువఱకుఁ బుంజునకు దూరము చేయవలయును. గ్రుడ్లు తినుటకును అమ్ముటకును మాత్రమే పెట్టలను బెంచువారికి అసలు పుంజే యక్కఱలేదు. పుంజు లేకున్నను బెట్ట గ్రుడ్లు పెట్టును. అట్టి గ్రుడ్లు పొదుగుటకుఁ బనికిరావు గాని చెడక యెక్కువ దినములు నిలుచును.

హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటికోళ్లకై తీర్చిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలను దెచ్చుకొనువా రీ లెక్కను మఱింత జాగ్రత్తగాఁ జూచుకొనవలయును. గుంపుగా వచ్చిన పిల్లలలో సగము వఱకుఁ బుంజులే యుండవచ్చును. అవి మూఁడు నాలుగు నెలలకు నమ్ముటకో వండుటకో తగిన బరువునకు వచ్చును. అప్పుడు రెండింటినో మూఁడింటినో నిలుపుకొని మిగిలినవానిని దొలఁగింపక, తరువాతఁ జూతమని యుపేక్షించువారి పెరడే రణరంగ మగును.

ఇందులకు దృష్టాంతముగా నొక యింటిని దలఁచికొనుఁడు. తొమ్మిది పెట్టలు, ఏడు నెలల పుంజొకటి. భర్తయు వదినయుఁ దన్నులు తినలేదు. అత్తగారును నాలుగేండ్ల మనుమఁడును మాత్రమే తినుచున్నారు. అత్తగారు గింజలు చల్లి వెంటనే వెన్ను త్రిప్పును, మనుమఁడు పరుగెత్తును. వదిన చీపురుతోఁ గొట్టును. ఆమె యెదుటఁ బుంజు తొలఁగినను బొదలచాటున వేచియుండును. ఈ యింటిలో ముందుగాఁ జీపురుదెబ్బలు మానిపింపవలయును. పిల్లవానికిఁ దడికయడ్డు కట్టవలయును. సాయంకాలమున వదినయు భర్తయు వంతులవారీగాఁ బుంజును జంకనెత్తి, అత్తగారి ప్రక్కనుండి పెరడంతయు నడువవలయును. అత్తగారు చేట పట్టి, గింజలు చల్లిన తరువాత, పుంజు వైపే ముఖముంచి మెల్లగా వెనుకకు రావలయును. ఇట్లు నాలుగు వారములు తప్పక చేసినచో నా పుంజు మారునో మారదో స్పష్టముగాఁ దెలియును.

మార నప్పుడు

నాలుగు వారములు ఇంటివారందఱు నొక్కతీరుగా నడచినను బుంజు మనుష్యులమీఁదికి వచ్చుచునే యున్నచో, దానిని నిలుపుకొనరాదు. పసిబిడ్డ ముఖమున నెత్తురు తెచ్చిన పుంజునకైతే నీ నాలుగు వారముల గడువును ఇయ్యఁదగదు. ‘గద్దలను దఱుమును, మంచి కాపరి’ యని కొందఱు దానిని వెనుకవేసికొని వచ్చుట గలదు. మనుష్యులను దన్నక గద్దలను గనిపెట్టు పుంజులు గలవు గదా! బిడ్డ కన్నునకు సాటివచ్చు కాపలా లేదు.

దానిని బందెములవారికి నమ్ముకొందమని కొందఱు తలంతురు. ఇందుఁ బొరపాటు గలదు. పుంజుమీఁదికిఁ బోవు పౌరుషమును, మనుష్యునిమీఁదికిఁ బోవు పొగరును వేఱువేఱు. పోరునకుఁ బేరువడిన అసీలుకోళ్లు తమ్ముఁ బెంచినవానిచేతిలో సాధారణముగా మెత్తగా నుండును. ‘అసీలు’ అనఁగా నరబ్బీ భాషలో మంచి మొదలుగలది, వంశముగలది యని యర్థము. మన రెవెన్యూ కాగితములలోని ‘అసలు’ అను మాటకును దీనికిని ధాతువొక్కటే. ఇదిగాక, కోళ్లను బోరాటమునకుఁ బురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచే నిషిద్ధము. పల్నాటి కథలోని కోడిపందెము కథలోనే యుండుట మేలు.

కావున నట్టి పుంజును వంటకు వినియోగించుట తప్పు కాదు. ఎనిమిది తొమ్మిది నెలలలోపు మాంసము లేఁతగా నుండును. పెంపకమున కమ్మునప్పుడు మాత్రము కొనువానికి దాని గుణము దాఁచక చెప్పవలయును. ఆ యింటిలోను బిల్లలుందురు.

పొగరుబోతు పుంజు గ్రుడ్లను బొదుగునకు వేయరాదు. గుణమును గొంతవఱకు వంశమునుబట్టి సంక్రమించును. ఎంత బరువైనను, ఎంత రంగైనను, మనుష్యులను దన్ను పుంజును విత్తనమునకు నిలిపినచో, మఱుసటియేఁట నట్టివి మూఁడు నాలుగు తయారగును.

క్రొత్తపుంజు

మఱొక పుంజును నిలుపుకొనునప్పుడు ఒక్కదానినే యెంచుకొనక, ఒకే పొదుగులోని మూఁడింటిని ఆఱేడు నెలలవఱకు నుంచి చూడవలయును. గింజ దొరికినప్పుడు పెట్టలను బిలుచునది, పెట్టను ద్రొక్కుటకు ముందు చుట్టుఁదిరిగి బుజ్జగించునది, మనిషి దగ్గఱకుఁ బోయినప్పుడు రెండడుగులు తొలఁగి తన పని తాను జూచుకొనునది మంచిది. చేతిమీఁది కెక్కునంత చనువుగల దానికంటెఁ గొంచెము బెరుకుగలదే మేలని నా యభిప్రాయము. బయటినుండి తెచ్చినచో, రానికెట్టు టీకా వేయించి, మూఁడు వారములు వేఱుగా నుంచి, రాత్రివేళ గూఁటిలోఁ జేర్చవలయును. తెల్లవాఱునప్పటికిఁ బెట్టలు దానిని గుంపులోనిదిగానే కనుఁగొనుటకు వీలుండును. మొదటి యుదయమున నింటివారెవరైన దగ్గఱనుండి చూచుచుండవలయును.

పాతపుంజును దీసివేసిన పిదపఁ గూడఁ బెట్ట కడుపులో దాని బీజము సుమారు రెండు వారములు నిలిచియుండును. అందుచేతఁ గ్రొత్తపుంజు వచ్చిన మొదటి మూఁడు వారముల గ్రుడ్లను దినుటకో యమ్ముటకో వినియోగించి, నాలుగవ వారము మొదలు వచ్చినవానినే పొదుగునకై యేఱి, వారము పది దినములకు మించి నిలువయుంచక, పొదుగుపెట్ట క్రింద పది పండ్రెండు వేయవలయును. అవి యిరువదియొకటవ దినమున లేచును.